వాడిన పొక్లెయిను యంత్రములలో విద్యుత్ దోషసంకేతములను పరిశీలించు విధము

మన సహకార సంఘములలో కొన్ని సభ్యుల వాటాధనముతో వాడిన పొక్లెయిను యంత్రములను కొనుచున్నవి. మురుగుకాలువల పూడిక తీయుటకును, చేపల చెఱువులకు గట్లు వేయుటకును బాడుగ యంత్రము మనకు వలసిన దినమున దొరకదు. దొరికినను వాడు చెప్పినదే ధర. క్రొత్త యంత్రము వెల సంఘములకు అందునది కాదు. కావున ఆఱేడు వేల గంటలు పనిచేసిన పాతదానిని కొనుట సహజమే. బకెట్టు పండ్లు అరిగినవా, గొలుసు వదులైనదా, పంపు నుండి నూనె కాఱుచున్నదా అను సంగతులను మన రైతులు కంటితో చూచి చెప్పగలరు. కాని ఆపరేటరు ఎదుటనున్న తెరపై ఎఱ్ఱదీపము వెలిగి, దాని క్రింద రెండు అంకెలు కనబడినపుడు మాత్రము అందఱును మెకానిక్కు మొగము చూతురు. ఆ అంకెలనే ఫాల్టుకోడు లందురు. వానిని మేమీ వ్యాసమున దోషసంకేతములని వ్రాయుదుము.

పొక్లెయిను అనునది నిజమునకు ఫ్రాన్సు దేశములోని ఒక కంపెనీ పేరు. మన జనుల నోట అది ఈ జాతి యంత్రములకన్నిటికిని పేరైనది. 1961వ సంవత్సరమున ఆ కంపెనీ టి.వై. 45 అను యంత్రమును వెలువరించినపుడు అందులో కంప్యూటరు లేదు. ఇప్పటి యంత్రములలో ఇంజనుకొకటి, హైడ్రాలిక్ పంపునకొకటి, తెరకొకటి చొప్పున చిన్న కంప్యూటరులుండును. ఇంజనుకు సంబంధించినదానిని మెకానిక్కులు ఈసీఎం అందురు. ఇవి సెన్సారులు తెచ్చు వార్తలను సదా గమనించుచు, ఏ వార్తయైనను హద్దు దాటినచో ఒక సంకేతమును వ్రాసిపెట్టి, అవసరమని తోచినచో ఇంజను వేగమును తామే తగ్గించివేయును.

కృష్ణా డెల్టాలోని ఒక సంఘమువారికి అట్లే జరిగినది. వారు కొనిన 20 టన్నుల తరగతి యంత్రము వేసవిలో కాలువ పూడిక తీయుచుండెను. కాలువకు నీరు వదలుటకు 18 దినములు మాత్రమే యుండగా దీపము వెలిగి, ఇంజను వేగము పెరుగుట మానినది. పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు ల్యాప్‌టాపు తగిలించి చూడగా 100, 102, 94 అను మూడు సంకేతములును, జాబితా అడుగున మఱియొకటియు కనబడినవి. మొదటనున్నది 100, అనగా ఇంజను ఆయిలు ఒత్తిడి. కనుక అతడు ఆ సెన్సారును మార్చెను. దీపము ఆఱలేదు. మఱునాడు అతడే ఈసీఎం పోయినదని తేల్చి, క్రొత్తది తెప్పించవలెననెను. పాలకవర్గమువారు రిజర్వునిధి నుండి సొమ్ము తీయుటకు తీర్మానము వ్రాసికొని, ఆ దినమున పైరు చూడవచ్చిన మమ్ములను కూడ ఒకమాట అడిగిరి. మేము మెకానిక్కులము కాము. అయినను మా సంచిలో మల్టీమీటరు ఉండుట చేతను, మోటారుల తగవులు కొన్ని తీర్చిన అలవాటు చేతను పోయి చూచితిమి. అక్కడ తేలిన సంగతి చెప్పుటకు ముందు సంకేతమెట్లు పుట్టునో తెలియవలెను.

ఒత్తిడిని కనిపెట్టు సెన్సారునకు సాధారణముగా మూడు వైర్లుండును. ఒకదానిమీద ఈసీఎం 5 వోల్టులు పంపును, ఒకటి ఎర్తు, మూడవది సెన్సారు తిరిగి పంపు వార్త. ఒత్తిడి లేనపుడు ఆ వార్త సుమారు అరవోల్టు, నిండు ఒత్తిడియందు సుమారు నాలుగున్నర వోల్టులు ఉండును. అరవోల్టు కన్నను బాగుగా తగ్గిననో, నాలుగున్నర కన్నను మించిననో అది ఒత్తిడి మాట కాదని, వైరులోనో సెన్సారులోనో తప్పున్నదని ఈసీఎం గ్రహించును. నీటి వేడిని, గాలి వేడిని చూచు సెన్సారులకు రెండు వైర్లే యుండును. వేడి పెరిగినకొలది వాని నిరోధము తగ్గును.

ఇక అంకెల సంగతి. ఇంజను విషయమున చాల కంపెనీలు జె 1939 అను అమెరికా నిబంధనను అనుసరించును. అందు ప్రతి సంకేతమును రెండు అంకెల జంట. ఎస్.పి.ఎన్. అను మొదటి అంకె ఎక్కడ అనుదానిని చెప్పును: 100 ఇంజను ఆయిలు ఒత్తిడి, 110 ఇంజను నీటి వేడి, 102 టర్బో గాలి ఒత్తిడి, 94 డీజిలు సరఫరా ఒత్తిడి, 168 బ్యాటరీ వోల్టేజి, 190 ఇంజను వేగము. ఎఫ్.ఎమ్.ఐ. అను రెండవ అంకె ఎట్లు అనుదానిని చెప్పును. మన సభ్యులు మొదటి అంకెను మాత్రమే మెకానిక్కునకు ఫోనులో చెప్పి రెండవదానిని విడుచుచున్నారు. ధనము నష్టమగుట అక్కడనే. రెండవ అంకె 0, 15, 16 అయినచో వార్త నిజముగనే హద్దుకు మించినదని అర్థము. 1, 17, 18 అయినచో నిజముగనే తగ్గినదని అర్థము. 3 అయినచో వోల్టేజి ఉండవలసినదానికన్న ఎక్కువ, 4 అయినచో తక్కువ, 5 అయినచో వైరు తెగినది లేక కప్లరు ఊడినది, 6 అయినచో వైరు ఎర్తునకు తగిలి కరెంటు ఎక్కువగా పోవుచున్నది. 2 అయినచో వార్త నిలకడ లేక ఉండుచు పోవుచున్నది. ఇది తఱచుగా వదులు కప్లరు పని.

కనుక 100 తో 1 వచ్చినచో ఇంజనును ఆ క్షణమే ఆపవలెను. ఆయిలు లేక బేరింగులు అరిగిపోవుచుండవచ్చును. 100 తో 4 వచ్చినచో ఆయిలు మంచిదే కావచ్చును, తప్పు వైరులో నుండవచ్చును. అట్లని ధైర్యముగా నడుపరాదు. ఏలయన సెన్సారు మూగపోయినపుడు నిజముగా ఆయిలు తగ్గినను చెప్పువారుండరు. డిప్‌స్టిక్కు చూచి, ఒత్తిడిని చూపు సాదా గేజిని సెన్సారు స్థానమున బిగించి సరిచూచిన పిమ్మటనే నడుపవలెను.

హైడ్రాలిక్ పంపు, స్వింగు, తెర వీనికి సంబంధించిన సంకేతములను ప్రతి కంపెనీయు తన యిష్టము వచ్చినట్లు పెట్టుకొన్నది. వానికి ఆ మోడలు షాపు మాన్యుయలే శరణ్యము. యంత్రము కొనునపుడే అమ్మినవానియొద్ద నుండి ఆ పుస్తకమును తీసికొనుడు. బేరములో అయిదువేలు తగ్గించుకొనుటకన్న అది మేలు.

సంకేతము దేనిని మార్చవలెనో చెప్పదు. ఎక్కడ బాధ కలిగినదో మాత్రమే చెప్పును. వరి ఆకు పసుపుబారుటకు నత్రజని కొఱత ఒక కారణము. నీరు నిలిచి వేరునకు ఊపిరాడకపోవుట మఱియొకటి. ఆకు చూచి యూరియా బస్తా విప్పిన రైతునకును, 100 అంకె చూచి సెన్సారు కొనిన మెకానిక్కునకును మాకు భేదము కనబడదు.

ఆ సంఘమువారి యంత్రమునకు వత్తము. మూడు సంకేతములకును రెండవ అంకె 4 అయియుండెను. మూడు వేర్వేఱు సెన్సారులు ఒకే దినమున చచ్చుట అరుదు. కావున మూటికిని ఉమ్మడిగా నున్నదానిని వెదకవలెను. జాబితా అడుగున ఎవరును చూడని నాలుగవ సంకేతము 3509, 4. 3509 అనగా సెన్సారులకు పోవు 5 వోల్టుల సరఫరా. జాబితాలో ముందున్నది ముందు చెడినదని నియమము లేదు. తాళము ఆన్ చేసి, ఇంజను స్టార్టు చేయకయే ఆయిలు సెన్సారు కప్లరు విప్పి 5 వోల్టుల వైరునకును ఎర్తు వైరునకును నడుమ మీటరు పెట్టగా 0.6 వోల్టు చూపెను. ఈసీఎం చచ్చినదని మెకానిక్కు అనుటకు ఇదియే ఆధారము. మేము మీటరును అక్కడనే యుంచి, ఆపరేటరుచేత ఆ సరఫరా మీదనున్న తక్కిన సెన్సారుల కప్లరులను ఒక్కొక్కటిగా విప్పించితిమి. డీజిలుది విప్పినపుడు మార్పు లేదు. టర్బో గాలి సెన్సారుది విప్పగానే మీటరు 5.0 కు లేచెను. ఆ సెన్సారు లోపలికి నీరు చేరి పచ్చని చిలుము పట్టియుండెను. అది 5 వోల్టులను ఎర్తులోనికి త్రాగివేయుచు, తక్కినవానికి చేరనీయలేదు. ఈసీఎం మంచిదే. అనవసరముగా మార్చిన ఆయిలు సెన్సారు కూడ మంచిదే. వారమునకు ముందు వాటరు సర్వీసింగు చేయించి, ఇంజను మీద పంపుతో గట్టిగా నీరు కొట్టించిరని పిమ్మట తెలిసినది.

సెన్సారులను అనుమానించుటకు ముందు బ్యాటరీలను, ఎర్తును చూడవలెను. ఈ క్రమమును ఎన్నడును తప్పరాదని మా అనుభవము. ఈ యంత్రములకు 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు చేయుదురు. రాత్రి ఆగిన యంత్రమునకు ఉదయమున రెండిటి మీదను 25.2 వోల్టులు ప్రాంతమున ఉన్నచో నిండుగా ఉన్నవి, 24.4 అయినచో సగము. సెల్ఫు కొట్టునపుడు 19 కన్న తగ్గినచో బ్యాటరీయో, కేబులో బలహీనము. ఇంజను నడుచుచుండగా 27 నుండి 28.5 వఱకు ఉండవలెను. లేనిచో ఆల్టర్నేటరును, దాని బెల్టును చూడుడు. వోల్టేజి పడిపోయినపుడు కంప్యూటరులు తికమకపడి లేని దోషములు వ్రాయును. బ్యాటరీని మార్చిన దినముననే పది సంకేతములు మాయమైన యంత్రములు కలవు.

రెండు బ్యాటరీలను విడివిడిగా కూడ కొలువవలెను. మన ఆపరేటరులు పాటలకొఱకో, చిన్న ఫ్యానుకొఱకో ఒక బ్యాటరీ నుండి మాత్రమే 12 వోల్టులు తీసికొందురు. అందువలన ఆ బ్యాటరీ ఎప్పుడును సగము ఆకలితో నుండును. రెండవది అవసరమునకు మించి చార్జియై ఉడికిపోవును. కొన్ని నెలలలో రెండును పోవును. 24 ను 12 చేయు కన్వర్టరు వెల చాల తక్కువ.

ఎర్తు విషయమున మీటరుతో ఓములు కొలిచి తృప్తిపడరాదు. మీటరు కొలుచుటకు పంపునది అతి స్వల్పమైన కరెంటు. ఇరువది తీగలలో ఒక్కటి మిగిలినను అది బాగున్నదనియే చెప్పును. మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివు మీదను, రెండవ కొన ఇంజను ఇనుము మీదను ఉంచి సెల్ఫు కొట్టింపుడు. అరవోల్టు మించి చూపినచో ఆ దారిలో ఎక్కడనో అడ్డు కలదు. పాత యంత్రములలో ఈ అడ్డు ఎక్కువగా రంగు వలన కలుగును. అమ్మకమునకు పెట్టు ముందు యంత్రమునంతటిని విప్పి రంగు వేయింతురు గదా. ఎర్తు లగ్గులు బిగించుచోట కూడ రంగు పడును. దానిమీదనే లగ్గును బిగింతురు. చూపునకు యంత్రము పెండ్లికూతురు వలె నుండును. లోపల ఎర్తు ఉండదు. లగ్గు విప్పి, ఇనుము మెఱయునట్లు గీకి, బిగించి, పైన వాసెలిను పూసినచో చాలును.

వైర్ల మాట. ఎలుకల సంగతి మనకు క్రొత్త కాదు. గడ్డివాము ప్రక్కన నెలరోజులు ఆగిన యంత్రమునందు క్యాబిను క్రిందను, బ్యాటరీ పెట్టె వెనుకను తప్పక చూడవలెను. వైర్ల కట్ట క్లిప్పులు ఊడి ఇనుప అంచునకు రాయుచున్నచోటు, బానెట్టు కీలు, పంపు ప్రక్కనున్న వంపు—దోషము సామాన్యముగా ఈ మూడు చోట్లనే దాగియుండును. ఇంజను నడుపుచు, ఒకరు తెరను చూచుచుండగా మఱియొకరు వైర్ల కట్టను జానెడు జానెడు చొప్పున కదుపుకొనుచు పోయినచో సంకేతము వెలిగిన చోటు దొరకును. తిరుగుచున్న బెల్టునకును ఫ్యానునకును చేయి దూరముగా ఉండవలెను. కొందఱు వైరునకు గుండుసూది గ్రుచ్చి వోల్టులు చూతురు. ఆ రంధ్రమున నీరు దిగి, ఆఱు నెలలకు తీగ లోలోపల పొడియగును. కప్లరు పిన్నులను ఎమరీ కాగితముతో రుద్దుటయు తగదు. పై పూత పోవును. విద్యుత్ భాగములకని అమ్ము స్ప్రేతో కడిగి ఆఱబెట్టవలెను. తెగిన వైరును మెలివేసి టేపు చుట్టుట ఆ పూటకు మాత్రమే; సరియైన అతుకునకు తీగను నొక్కు స్లీవుగాని టంకముగాని, పైన వేడికి బిగియు గొట్టముగాని ఉండవలెను.

రెండు వైర్ల వేడి సెన్సారునకు ఒక సులువైన పరీక్ష కలదు. 110 తో 3 గాని 4 గాని వచ్చినదనుకొందము. కప్లరు విప్పుడు, 3 రావలెను. ఇప్పుడు వైర్ల ప్రక్క కప్లరులోని రెండు పిన్నులను చిన్న తీగతో కలుపుడు, 4 రావలెను. ఈ రెండు మార్పులును వచ్చినచో వైర్లును ఈసీఎమును మంచివి, సెన్సారు చెడినది. మార్పు రానిచో సెన్సారు కొనుటకు పోకుడు, వైరును చూడుడు. మూడు వైర్ల సెన్సారునకు మాత్రము ఈ తీగ కలుపుట పనికిరాదు. 5 వోల్టులను ఎర్తు చేసినట్లగును.

ఒక్కమాఱుగా తెరయంతయు సంకేతములతో నిండి, వానిలో 639 గాని, రెండవ అంకె 9 గాని 19 గాని కనబడినచో కంప్యూటరుల నడుమ మాటలు నిలిచినవని తలపవలెను. ఆ మాటలు మెలివేసిన రెండు వైర్ల మీద నడచును. జర్మనీ దేశపు బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన పద్ధతి ఇది, క్యాన్ అందురు. ఆ వైర్ల రెండు కొనలయందును 120 ఓముల నిరోధము ఒక్కొక్కటి ఉండును. బ్యాటరీ కటాఫ్ స్విచ్చి తీసివేసి, పరీక్ష సాకెట్టులో ఆ రెండు పిన్నుల నడుమ కొలిచినచో సుమారు 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక కొన తెగినది. సున్నకు దగ్గరగా వచ్చినచో రెండు వైర్లును ఒకదానికొకటి తగిలినవి.

బకెట్టునకు వెల్డింగు చేయించిన మఱునాడు సంకేతములు వచ్చినవని చెప్పువారు పలువురు. వెల్డింగునకు ముందు కటాఫ్ తీసి, బ్యాటరీ కేబులు విప్పి, మాన్యుయలులో చెప్పిన కంప్యూటరు కప్లరులను ఊడదీసి, వెల్డింగు ఎర్తును అతుకునకు చేరువనే తగిలింపవలెను. క్యాబిను ప్రక్కన ఎర్తు తగిలించి బకెట్టు అతికినచో ఆ కరెంటు పోవు దారి మన చేతిలో లేదు.

కొనునపుడు చూడవలసినది మఱియొకటి. దళారి యంత్రమును చూపు దినమున తెరమీద ఒక్క సంకేతమును ఉండదు. అది సాక్ష్యము కాదు. ముందురాత్రియే ల్యాప్‌టాపుతో తుడిచివేసి యుండవచ్చును. కాబట్టి మీరు తెల్లవారుజామున, ఇంజను చల్లగా నుండగా పొండు. మీరు రాకమునుపే స్టార్టు చేసి వేడెక్కించియున్నచో ఆ దినమునకు బేరము మానుడు. తాళము ఆన్ చేసినపుడు హెచ్చరిక దీపములన్నియు ఒకమాఱు వెలిగి ఆఱవలెను. వెలుగని దీపము తీసివేయబడినదేమో అడుగుడు. స్టార్టు చేయక మునుపే తెరమీద ఇంజను నీటి వేడి, లోనికి పోవు గాలి వేడి, హైడ్రాలిక్ నూనె వేడి చూడుడు. రాత్రియంతయు ఆగిన యంత్రమునందు ఈ మూడును ఇంచుమించు ఆనాటి గాలి వేడియే చూపవలెను. ఒకటి 28, ఒకటి 29, మూడవది 70 అయినచో, ఆ సెన్సారు చెడియుండవచ్చును. లేదా దాని బదులు ఒక రెసిస్టరును అతికించి కంప్యూటరును మోసగించుచుండవచ్చును. ఇంజను ఎంత ఉడికినను ఆ తెర ఉడికినదని చెప్పదు. హెడ్డు పగిలిన దినముననే సంఘమునకు తెలియును.

పిమ్మట నిండు వేగముతో గంటసేపు మట్టి త్రవ్వించి, స్వింగు త్రిప్పించి, వేడెక్కిన పిదప సంకేతముల జాబితాను మఱల తెఱువుడు. వేడికి వదులగు అతుకులు అప్పుడు గాని బయటపడవు. క్యాబినులో కంపెనీ పెట్టని స్విచ్చి ఏదేని కనబడినచో దాని వైరు ఎక్కడికి పోవునో చివఱవఱకు పట్టుకొని చూడుడు.

ఆ సంఘమువారు ఇప్పుడు సీటు వెనుక ఒక నోటుపుస్తకమును త్రాటితో కట్టియుంచినారు. తేది, గంటల మీటరు, రెండు అంకెలు, అప్పుడు చేయుచున్న పని, తుదకు దొరికిన కారణము ఆపరేటరే వ్రాయును. మొదటి పుటలో 3509, 4 అనియు, దాని కెదురుగా టర్బో సెన్సారులో నీరు అనియు ఉన్నది. కాలువకు నీరు వదలుటకు 5 దినములు ముందుగా పూడిక పని ముగిసినది. ఈసీఎం కొనుటకు వ్రాసిన తీర్మానము మినిట్సు పుస్తకమున అడ్డగీతతో కొట్టివేయబడి, అధ్యక్షుని సంతకముతో నేటికిని ఉన్నది.